జేబు పిస్తోలు

అరచేతిలో ఇమిడి, చొక్కా చాటున కనిపించకుండా ఉండేలా రూపొందించిన చిన్న చేతి తుపాకిని జేబు పిస్తోలు అంటారు. వీటిలో ప్రసిద్ధమైనది జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో బెల్జియంలోని ఎఫ్.ఎన్. సంస్థ 1906లో తెచ్చిన 6.35 మి.మీ. పిస్తోలు. సుమారు 11 సెం.మీ. పొడవుండే దీనికి సుత్తి బయటికి పొడుచుకురాదు కనుక తీసేటప్పుడు గుడ్డకు తగులుకోదు. అయితే పిడి మరీ పొట్టిది కావడంతో చిటికెన వేలికి పట్టు దొరకదు. జర్మనీలో 1931లో వచ్చిన వాల్తర్ పీపీకే సుమారు 15.5 సెం.మీ. పొడవుండి చేతికి నిండుగా అమరుతుంది గాని, పేలిన ప్రతిసారీ వెనక్కి దూసుకొచ్చే స్లయిడ్, అనగా గొట్టంపై కదిలే ఉక్కు తొడుగు, పెద్ద చేతులవారికి బొటనవేలి మొదట్లో చర్మాన్ని గీరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని నందిగామ, జగ్గయ్యపేట వంటి మెట్ట ప్రాంతాల్లో ఈ పోలికకు వాతావరణమే గీటురాయి. వేసవిలో పల్చని నూలు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుని ఆయుధం ఆకారాన్ని పట్టిస్తుంది. ఆ చెమట ఉప్పే ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది. ఆకారం బయటపడకూడదంటే బరువుకన్నా మందం తక్కువగా ఉండటమే ఇక్కడ ముఖ్యం. కాన్పూరులో 2014లో విడుదలైన నిర్భీక్ రివాల్వర్ టైటానియం మిశ్రమంతో 500 గ్రాములకే పరిమితమైనా, ఆరు తూటాల చక్రం ఉబ్బు దాగదు.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇలాంటి చేతి తుపాకులకు లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ ఒక వ్యక్తికి సాధారణంగా రెండు తుపాకులనే అనుమతిస్తుంది.