కాకిబంగారం సీమలో రెండు రాత్రులు

"పెళ్ళి ఇంకా మూణ్ణెల్లుందనగా ఇప్పుడీ అడవి ప్రయాణం ఏమిటి?" అని అత్తయ్య గొణుగుతూనే ఉన్నారు. మావారు వినిపించుకుంటేగా! గూడూరులో రైలు దిగి, కారు మాట్లాడుకుని, సైదాపురం మీదుగా రాపూరు దాటి, వెలికొండల అడుగున ఉన్న అడవి బంగళా చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. పెంకుల కప్పు, చుట్టూ వరండా, నాలుగు పేము కుర్చీలు. సెల్‌ఫోనుకి సిగ్నలు లేదు. ఇంతకంటే సుఖం ఏముంటుంది చెప్పండి! కాపలా అతని భార్య నన్ను వంటింటి గడప తొక్కనివ్వకుండా చేపల పులుసు తానే కాచింది. పెళ్ళి పనులతో రెండు నెలలుగా వాలని నా నడుము పేము కుర్చీ దొరికేసరికి ఇంక లేవనని మొరాయించింది.

సాయంత్రం కొండవైపు షికారుకెళ్ళిన మా అమ్మాయి దోసిలినిండా మట్టి తెచ్చింది. దీపం దగ్గర పెడితే మట్టంతా తళుకులే.

"అమ్మా, నగల కొట్టుకి పోనక్కర్లేదు. బంగారం ఇక్కడే ఉంది!" అంది నవ్వుతూ.

కాపలా అతని భార్య కూడా నవ్వింది. "యాడ తవ్వినా అట్నే మెరస్తా ఉంటాదమ్మా. అది కాకిబంగారం."

పేరులోనే ఎంత వెక్కిరింపో చూడండి. పుస్తకాల్లో అభ్రకం, ఈ ఊళ్ళలో మైకా. కానీ ఈ కాకిబంగారమే చాలా కాలం ఈ సీమకు అన్నం పెట్టింది. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల్లో 19వ శతాబ్దం చివర గనులు మొదలయ్యాయి. ఇక్కడి మైకాకి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఇనికుర్తి గనిలో పది అడుగుల వెడల్పున్న మైకా దిమ్మలు బయటపడ్డాయంటే నమ్మండి! మా హాలుకే అంత వెడల్పు లేదు.

ఇంతకీ ఈ మెరుపు పలక ఎందుకంటారా? వేడికి మాడదు, కరెంటుని పారనివ్వదు, ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా పొరలు విడుస్తుంది. మన పాత ఇస్త్రీపెట్టె విప్పి చూస్తే, లోపలి తీగ చుట్టింది ఈ పలక మీదే. రేడియోల్లోనూ ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో వైర్‌లెస్ సెట్లకు ఇది లేనిదే గడవక బ్రిటనూ అమెరికా మన దేశపు మైకా కోసం ఎగబడ్డాయి. ఇప్పుడైతే పెదవులకు పూసే రంగులో తళుకు కూడా చాలావరకు దీనిదే. మా అమ్మాయి చటుక్కున పెదవులు తుడుచుకుంది.

పొరలు తీసే పనంతా ఎక్కువగా ఆడవాళ్ళదే. "మాయమ్మ ఆ పనికే పొయ్యేది" అంది కాపలా అతని భార్య, వరండా మెట్టు మీద కూర్చుని. "కత్తి మొన పెట్టి అట్టా ఇప్పేది, ఉల్లిపొర మాదిరి. ఏలితో తాకి చెప్పేసేది, ఇది మంచిరకం, ఇది కాదని. మాకు ఆ పని రాలేదు. మేం పెద్దయ్యేతలికి షెడ్డే లేదు."

రేడియోల్లోకి ట్రాన్సిస్టర్లొచ్చాయి, మైకా చేసే పనికి వేరే సరుకులొచ్చాయి. మన మైకాని బాగా కొనే సోవియట్ దేశం 1991లో కూలిపోయింది. గనులు ఒకటొకటే మూతబడ్డాయి. చిత్రమేమిటంటే, అప్పట్లో మైకా కోసం తవ్వి పనికిరాదని గుట్టలుగా పారబోసిన తెల్లరాయికి ఈమధ్య గిరాకీ పుట్టింది. మైకా పొర చూసి ఇంత రేటని చెప్పగల వేళ్ళకి మాత్రం మళ్ళీ పని రాలేదు.

అంతా విని అత్తయ్య, "అయితే అసలు బంగారం ఈ సీమలో లేనట్టేనా?" అన్నారు. ఆవిడ మనసు మరి ఎక్కడుందో నాకు తెలుసు. అత్తయ్య కాసులపేరు కరిగించి అమ్మాయికి కొత్తరకం నెక్లెసు చేయించాలని ఇంట్లో అనుకున్నాం. సోమవారం కంసాలి దగ్గరికి వెళ్ళాలి. అత్తయ్య కాదనలేదు. అవుననీ అనలేదు.

బంగారం దొరికింది, ఒకసారి. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం. దానికింద చిట్టిముంత. ముంతలో బంగారు కాసులు! మన వరహాలు కావు, రోమను చక్రవర్తులవి. క్రీస్తుశకం రెండో శతాబ్దపువి. ఆ రైతుకి రోమంటే ఏం తెలుసు? పాత బంగారం ధరకి అమ్మేశాడు. చాలా కాసులు మూసలో కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమ్రా సంగతి తెలిసి ముప్ఫై చిల్లర మాత్రం వెనక్కి రాబట్టాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్‌ని రెండు ఏరుకోమంటే, ఆయన ఒకటి హేడ్రియన్ చక్రవర్తిదీ, ఒకటి ఫాస్టినా రాణిదీ తీసుకున్నాడు. (హేడ్రియన్ తర్వాతి చక్రవర్తుల ఇళ్ళలో ఫాస్టినాలు ఇద్దరు, తల్లీ కూతురూ. ఇద్దరూ రాణులే.) 1787లో ఆయన రాసిన ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది కాబట్టి మనకీ కథ మిగిలింది.

ట్రాజన్ చక్రవర్తి కాసులు కూడా ఉన్నాయట. ఇప్పుడు రుమేనియా అంటున్నామే, ఆ డేసియా దేశాన్ని ఆయన 106లో జయించాడు. అక్కడి బంగారు గనులు రోముకి దక్కాయి. అక్కడి కొండల్లో తవ్విన బంగారం ఇక్కడి కొండపక్క ముంతలోకి రాలేదని ఎవరనగలరు? మన సరుకులకి రోమువాళ్ళు బంగారమే ఇచ్చేవాళ్ళు. మిరియాలకి, ముత్యాలకి, సన్నబట్టలకి. భారత, చీనా, అరబ్బు దేశాలు ఏటా పదికోట్ల సెస్టర్సులు లాగేస్తున్నాయని ప్లినీ అనే పెద్దమనిషి అంతకు ముందే లెక్కగట్టి ఏడ్చాడు. తప్పెవరిదట? విలాసాలదీ, ఆడవాళ్ళదీనట! ఏ దేశమైనా ఈ మాట మాత్రం మారదు కాబోలు. అదే రెండో శతాబ్దంలో మన శాతవాహనులు సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ వేశారు. అలాంటి నాణేలు ఈ తూర్పు తీరం పొడుగునా దొరికాయి.

డేవిడ్సన్ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది మరొకటి ఉంది. కొన్ని కాసులు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు నిగనిగలాడుతున్నాయట. కొన్ని మాత్రం బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయట. మెడలోనో దండకో పెట్టుకుని ఉంటారని ఆయన ఊహ. ఊహ ఎందుకండీ, మనల్నడిగితే చెప్పమూ? అది కాసులపేరు! ఒక్కో రోమను కాసు 7 గ్రాముల పైచిలుకు, మన 8 గ్రాముల కాసుకి ఇంచుమించు సమానం.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. కాసేపటికి, "నా పేరులో ఇరవైనాలుగు ఉండేవి" అన్నారు. "రెండు వీడి కాలేజీ ఫీజుకి పోయాయి. నాలుగు ఆడపడుచు పెళ్ళికి. నావాటి మీదా రాణి బొమ్మే, విక్టోరియా. మా అమ్మ మెడలో ఉన్నప్పటికే ముక్కు అరిగిపోయింది." మళ్ళీ ఆగి, "ఆ చిల్లుల కాసులు ఏ మహాతల్లి మెడలోవో. దాచుకుందేగానీ కరిగించలేదు చూడు" అన్నారు.

మా అమ్మాయి అత్తయ్య పక్కన చాప మీదికి జరిగింది. "నాయనమ్మా, ఆ పద్దెనిమిదీ ఒకసారి నా మెడలో వేసి చూస్తావా, ఇంటికెళ్ళాక?" అంది. పాత ఫ్యాషనూ, బరువూ అని పోయిన వారం మొహం తిప్పుకున్న పిల్ల!

మర్నాడంతా ఏం చేశామంటే ఏమీ చెయ్యలేదు. కుర్చీలో కూర్చుని కొండ మీద ఎండ దిగడం చూశాం. కాపలా అతని భార్య వాళ్ళమ్మ దాచుకున్న మైకా పలక ఒకటి తెచ్చి చూపించింది. అరచెయ్యంత ఉంది. దీపానికి అడ్డంగా పెడితే లేత ఆకుపచ్చ. పొర తియ్యబోతే నాకు రెండు ముక్కలై విరిగింది. ఆవిడ ఏమీ అనుకోలేదు.

తిరుగు ప్రయాణంలో రాపూరు దగ్గర సిగ్నలొచ్చింది. కంసాలికి ఫోను చేసి సోమవారం రావడం లేదని చెప్పాను. మావారికి ఇంకా చెప్పలేదు.