అంబాసిడర్ తారీఖ్‌లో లేని పేర్లు

అంబాసిడర్ తారీఖ్ ఎవరు రాసినా ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3తో మొదలుపెడతారు. 1957లో బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కార్ఖానాకు తెచ్చి, 2014లో అది బంద్ కావడంతో ఖతం చేస్తారు. మధ్యలో ఇన్నేళ్లూ ఆ కార్లను బతికించిన డెంటర్ల జిక్ర్ ఉండదు.

ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి ఫ్లోర్‌కీ, తలుపుల కింది పట్టీలకీ జంగ్ పడితే పోయేది ఖూబ్‌సూరతీ ఒక్కటే కాదు, కారు నడుమే కమ్‌జోర్ అవుతుంది. మన జంగ్ తెలుగు లిపిలోకొస్తే తుప్పూ అదే, యుద్ధమూ అదే. తప్పేం లేదు.

మా అబ్బా కారుకి ఇంటి సహన్‌లోనే మరమ్మతు జరిగింది. ఉస్తాద్ మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశారు. దిగబడిన చోటల్లా గట్టి రేకు తగిలేదాకా కోసేశారు. అట్టముక్క మీద కొలత గీసుకుని కొత్త రేకు కత్తిరించారు. ఒకే వరసలో వెల్డింగ్ చేస్తే వేడికి రేకు వంకరపోతుందని అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెట్టుకుంటూ వచ్చారు. వెనక ఇనప దిమ్మె ఆనించి సుత్తితో సాపు చేశాక రెడాక్సైడ్ పూశారు. పుట్టీ చివర్న, అదీ పల్చగా. జంగ్ మీదే పుట్టీ మెత్తి రంగేసేవాళ్లని బేఈమాన్‌లనేవారు.

ఈ హునర్ ఉస్తాద్ చేతి నుంచి షాగిర్ద్ చేతికి వచ్చింది, కితాబుల్లోంచి కాదు. ఇప్పుడు మొహల్లాలో పని చేసేవాళ్లని అడిగితే తమ ఉస్తాద్ పేరు చెప్తారు, ఆయన ఉస్తాద్ పేరూ చెప్తారు. ఆపైన ఎవరికీ యాద్ లేదు.