సైరంధ్రి చేతి పాత్ర

1991వ సంవత్సరంలో నేను ఉదయగిరి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో ద్వితీయ శ్రేణి తెలుగు పండితుడను. ఒకనాడు తొమ్మిదవ తరగతి పిల్లలకు విరాటపర్వ కథ చెబుతున్నాను. కీచకుని ఇంటినుండి మదిర తెమ్మని సుదేష్ణ సైరంధ్రిని పంపే ఘట్టం. పోనని ఆమె వేడుకోవడం, రాణి వినకపోవడం, చేతికి పాత్ర ఇచ్చి పంపడం, దారిలో ఆమె సూర్యుని ప్రార్థించడం - ఇవన్నీ కొంత అభినయంతో చెబుతున్నాను. వెనుక బెంచీ నుండి ఒక పిల్లవాడు లేచి, "మా నాయన గూడా పొద్దుగూకితే నన్నే పంపిస్తాడు సార్, ప్యాకెట్టు తెమ్మని" అన్నాడు.

తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నేటికీ సిగ్గుపడుతున్నాను. ఈ వ్యాసం వ్రాయడానికి అదొక కారణం.

'వ్యసన'మనే మాటను మనం నేడు దురలవాటు అనే అర్థంలోనే వాడుతున్నాము. సంస్కృతంలో దానికి ఆపద అనే అర్థం కూడా ఉన్నది. మనిషిని మేలునుండి దూరంగా విసరివేసేది వ్యసనమని అర్థశాస్త్రం చెప్పే వ్యుత్పత్తి. రాజులకు చెప్పిన సప్తవ్యసనాలలో జూదమూ, పానమూ, వేటా మాత్రమే కాక పరుషంగా మాట్లాడటం, కఠినంగా దండించటం, ధనాన్ని పాడుచేయటం కూడా ఉన్నాయి. పూర్వులు వీటిని విడివిడిగా గాక ఒక్క పట్టికలో చేర్చటంలో ఔచిత్యం ఉన్నది. తాగుబోతు ఇంటిని చూచినవారికి ఆ పట్టిక మొత్తం ఒకే గడపలో కనబడుతుంది.

భారతంలో మద్యనిషేధం చేసిన తొలి శాసనకర్త శుక్రాచార్యుడు. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి ఆయనచేతనే తాగించారు. ప్రియశిష్యుని తన కడుపులో పెట్టుకొన్న తరువాత గాని ఆయనకు ఆ పానీయంమీద కోపం రాలేదు. నన్నయగారి ఆదిపర్వం చదివినవారందరికీ తెలిసిన కథే. అక్కడ తాగినవాడే నిషేధించాడు. మన నెల్లూరు జిల్లా మెట్టలో జరిగిన కథ వేరు. ఇక్కడ నిషేధించినవారు తాగినవారు కారు, పాత్ర పట్టుకొని నడిచినవారు. విరాటపర్వాన్ని తెలుగు చేసిన తిక్కనామాత్యుడు మన నెల్లూరి మనుమసిద్ధి కొలువులోనివాడు కావటం ఒక కాకతాళీయం. కాని నాకు మాత్రం ఆ రెండు కథలూ విడదీయరానివిగా తోస్తాయి.

చరిత్రను కొంచెం వెనుకనుండి చూద్దాము. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించారు. మరుసటి సంవత్సరం అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. అంటే ఉదయగిరికి పడమట ఉన్న కొండలు దాటితే నిషేధం, ఇవతల లేదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ నిషేధం మనకు వారసత్వంగా వచ్చింది. దానిని ఎత్తివేయాలని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. ఆ సిఫారసును అమలు చేయని ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంమీద ఒక్క ఓటుతో పడిపోయింది. తెలుగువారి తొలి రాష్ట్ర ప్రభుత్వం కూలినది సారా ప్రశ్నమీదనే అన్నది మనం తరచుగా మరచిపోయే సంగతి.

1968లో కొత్త ఆబ్కారీ చట్టం వచ్చింది. నిషేధం సడలింది. 1970-71లో ఆబ్కారీ మీద రాష్ట్ర ఖజానాకు వచ్చిన ఆదాయం 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లు. ఇరువది యేండ్లలో ఇరువది రెట్లకు పైగా పెరిగింది. 1980లలో 'వారుణి వాహిని' అనే పేరుతో సారాను ప్యాకెట్లలో ప్రభుత్వమే సరఫరా చేసే పద్ధతి వచ్చింది. పేరు పెట్టినవారికి సంస్కృతం బాగుగానే తెలుసు. పల్లెలో ఆ పేరు ఎవరికీ తెలియదు, 'ప్యాకెట్టు' అంటే చాలు. కుండతో, సీసాతో పని లేకపోయె. చొక్కా జేబులో పట్టేది, చిన్నపిల్లవాని గుప్పిటిలో ఇమిడేది. సారా దుకాణం ఊరి చివరనుండి ఊరి నడుమకు వచ్చినది ఆ ప్యాకెట్టు మూలంగానే.

మన జిల్లా తూర్పున పెన్న డెల్టా, మొలగొలుకులు పండే మాగాణి. పడమట ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, ఆత్మకూరు వైపు మెట్ట. వాన పడితే పంట, లేకపోతే కూలి, అదీ లేకపోతే వలస. ఇటువంటి చోట మగవాని కూలిడబ్బు సాయంకాలానికి ఎటు పోతుందో అన్నదే ఇంటి ఆర్థికశాస్త్రం. ఆ డబ్బు గుత్తేదారు చేతికి, ఆ చేతినుండి ఖజానాకు పోతుండేది. పొయ్యి వెలిగించవలసిన భారం మాత్రం ఆడమనిషి కూలిమీద పడేది.

1991 జనవరిలో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం, 'అక్షరజ్యోతి', మొదలయింది. జిల్లా యంత్రాంగమూ, జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలూ, ఉపాధ్యాయులమూ, వేలాది స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి చేసిన పని అది. నేను కూడా రాత్రిబడికి వెళ్ళేవాడను. పగలంతా కలుపు తీసి, వంట చేసి, బిడ్డలను పండబెట్టి, తొమ్మిది గంటలకు లాంతరు దగ్గరకు వచ్చేవారు ఆ తల్లులు. వాచకాలలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. తాగుడువల్ల చితికిపోయిన సంసారం కథ. ఆ పాఠం చెప్పిన రాత్రి ఎవరూ అక్షరాలు దిద్దలేదు. "ఇది మా ఇంటి కథ గదా అయ్యోరా, దీన్ని బుక్కులో ఎట్టా ఎక్కించినారు?" అని అడిగారు. తన బాధ అచ్చులో కనబడేదాకా అది తన ఒక్కదాని తలవ్రాత అనుకొంటుంది మనిషి. అచ్చులో చూచిన తరువాత అది అందరి సంగతి అవుతుంది.

కలిగిరి మండలంలోని దూబగుంటలో జరిగినది అందరికీ తెలిసినదే అయినా క్రమం చెప్పాలి. ఆ ఊళ్ళో తాగిన మత్తులో ఇద్దరు చెరువులో పడి చనిపోయారు. చదువుకొనే కేంద్రంలో కలిసిన ఆడవారు దీని గురించి మాట్లాడుకొన్నారు. సుమారు నూరుమంది బయలుదేరి మొదట కల్లుబండిని అడ్డగించారు. పారబోయండి, కావలిస్తే తలకొక రూపాయి వేసి మీ నష్టం మేమిస్తామన్నారు. తరువాత సారా తెచ్చిన జీపును చుట్టుముట్టి, కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామని హెచ్చరించి వెనుకకు పంపారు. చివరకు దుకాణమే మూతబడింది. వారిలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా దేశానికి తెలిసింది. ఆమె 2016లో కన్నుమూసారు.

ఈ కథను 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా తరువాతి వాచకంలో చేర్చారు. సీతమ్మ కథ దుఃఖాన్ని చూపింది. ఈ పాఠం దారి చూపింది. 1992లో అది ఊరినుండి ఊరికి ప్రాకింది. చీపుర్లు, కారంపొడి ఆయుధాలయ్యాయి. ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. తాగివచ్చినవానికి గుండు గీయించిన ఊళ్ళున్నాయి. 'ఈనాడు' పత్రిక 'సారాపై సమరం' పేరుతో దినదినమూ వార్తలు ప్రకటించింది. జిల్లాలో సారా వేలం పాటలను పలుమార్లు వాయిదా వేయవలసివచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు ఈ జిల్లావారే. 1992 అక్టోబరులో ఆయన స్థానంలో కోట్ల విజయభాస్కరరెడ్డిగారు వచ్చారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడు అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే సంపూర్ణ నిషేధంమీద సంతకం చేసారు. 1995 జనవరి 16 నుండి అది అమలయింది. 1997లో సడలిపోయింది. సారా నిషేధం మాత్రం నిలిచింది.

ఇంతవరకు పుస్తకాలలో ఉన్న చరిత్ర. ఇక పుస్తకాలకెక్కనిది చెబుతాను.

నాకు నశ్యం అలవాటు. మా గురువుగారినుండి సంధులు, సమాసాలతో పాటు సంక్రమించింది. రాత్రిబడిలో తాగుడు అనర్థాలమీద ఉపన్యసిస్తూ, నడుమ వాక్యం ఆపి రొంటిన ఉన్న డబ్బీ తీసి ఒక పట్టు పట్టేవాడను. ఒక రాత్రి ఒక పెద్దావిడ పలక ప్రక్కన పెట్టి, "అయ్యోరా, మీరు ఆ పొడుం మానుకోండి, నేను మా ఆయన చేత సారా మానిపిస్తా. ఎవురు ముందో చూద్దాం" అన్నది. అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. పందెం ఒప్పుకొన్నాను. నాలుగు రోజులు ఆగాను. తల బరువు, పనిమీద మనసు నిలువకపోవటం, పిల్లలమీద అకారణ కోపం. వాక్పారుష్యం వ్యసనాల పట్టికలో ఎందుకున్నదో అప్పుడు తెలిసింది. ఐదవనాడు ఉదయం అంగడికి పోయి డబ్బీ నింపించుకొన్నాను. ఆ రాత్రి బడికి వెళ్ళి, ఓడినానని చెప్పాను. ఆమె ఎగతాళి చేయలేదు. "మీకే ఇట్టుంటే, ఆయనకు ఎట్టుంటదో" అన్నది. ఆ ఒక్క మాటలో ఉన్న కరుణ మా ఉపన్యాసాలలో లేదు.

ఆ మాటను నేను సరిగా వినలేదన్నది 1993లో తెలిసింది. జిల్లాలో దుకాణాలు మూసిన వారంలో, నా తరగతిలో లేచి మాట్లాడిన ఆ పిల్లవాని తల్లి మా ఇంటికి వచ్చింది. భర్తకు చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, గోడమీద పురుగులు ప్రాకుతున్నాయని అరుస్తున్నాడు. "తాగుడు విడుస్తున్నది తల్లీ, నాలుగు రోజులు ఓర్చుకో" అని ధైర్యం చెప్పి పంపాను. మూడవ రోజున అతనికి ఫిట్లు వచ్చాయి. గాలి సోకిందని కొందరు, దేవర కోపమని కొందరు. చివరకు బస్సులో వేసుకొని నెల్లూరికి తీసుకొనిపోయి వైద్యం చేయించారు, బ్రతికాడు. ఏండ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మెదడు తట్టుకోలేదనీ, వణుకూ, భ్రమలూ, మూర్ఛలూ వస్తాయనీ, అది ప్రాణాంతకం కూడా కావచ్చుననీ, డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలనీ నాకు ఆనాడు తెలియదు. రాత్రిబడిలో నేను చెప్పిన ఏ పాఠంలోనూ ఆ సంగతి లేదు. దుకాణం మూయటం ఎలాగో ఆ తల్లులు మాకు నేర్పారు. దుకాణం మూసిన తరువాత మనిషిని ఎలా నిలబెట్టాలో మేము వారికి నేర్పలేకపోయాము. అతను కొన్నాళ్ళు మానాడు. తరువాత కొండదాపున కాచే నాటుసారా దొరికింది. ఐదేండ్లు గడవకముందే పోయాడు.

దీనినిబట్టి ఉద్యమం వృథా అనే వారితో నేను ఏకీభవించను. పిల్లల చేతులలోనుండి ప్యాకెట్టు పోయింది. సాయంకాలం కూలిడబ్బు ఇంటికి చేరిన దినాలను నేను కన్నులారా చూచాను. రాత్రిబడి మానేసిన ఆడపిల్లలు తిరిగి వచ్చారు. వ్యసనానికి రెండు ముఖాలు: బయటి అంగడి, లోపలి ఆకలి. అంగడి గుమ్మం దగ్గరగా ఉన్నంతకాలం లోపలి ఆకలితో పోరాడటం పేదవానికి సాధ్యం కాదు. ఆ తల్లులు మొదట అంగడిని పట్టుకోవటం సరియైన పనే. రెండవ సగం విద్యావంతులమైన మాది. మేము చేయలేదు.

మరొక సంగతి చెప్పకపోతే అసత్యమవుతుంది. సారా వేలం ఆగిన ఆ కలిగిరిలోనే పొగాకు బోర్డువారి వేలం కేంద్రం ఉన్నది, ఆత్మకూరు వైపు డి.సి. పల్లిలో మరొకటి. మెట్టరైతుకు నాలుగు డబ్బులు చూపించే పంట అదే. ఒక వ్యసనాన్ని ఊరినుండి వెళ్ళగొట్టిన ఊరే మరొకదానిని పండించి బ్రతుకుతున్నది. ఎవరిని తప్పు పట్టను? నా డబ్బీలోని పొడుం ఆకాశంనుండి పడలేదు గదా.

నేడు సారా పోయి సీసా వచ్చింది. 2019 అక్టోబరునుండి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ పద్ధతిమీద మళ్ళీ ప్రైవేటువారికి ఇచ్చారు. ధర్మరాజు పాచికలు చేతి ఫోనులోకి వచ్చాయి. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం అంగడిని మూయగలదు. లోపలి ఆకలి సంగతి మళ్ళీ మనకే మిగిలింది.

నశ్యం నేను 2004లో మానాను. నాలుగవ ప్రయత్నంలో, ఒక డాక్టరుగారి సాయంతో. డబ్బీ బల్ల సొరుగులో ఖాళీగా ఉన్నది. ఇది వ్రాస్తుండగా చేయి రెండుసార్లు రొంటికి పోయింది, దాచను. ఆ పిల్లవాడు ఇప్పుడు నడివయస్సువాడు, ఆత్మకూరులో చిన్న వ్యాపారం చేసుకొంటున్నాడు, తాగడు. మొన్న కనబడినప్పుడు ఆనాటి నా నవ్వుకు క్షమాపణ చెప్పాను. "ఏ నవ్వు సార్?" అన్నాడు. నిజంగానే గుర్తు లేదో, నన్ను మన్నించాడో తెలియదు.

మిత్రులలో ఆ ప్రాంతంవారు, ఆ రాత్రిబడులలో చదువు చెప్పినవారు, చదువుకొన్న తల్లుల బిడ్డలు ఎవరైనా ఉంటే తమ జ్ఞాపకాలు వ్రాయవలసినదిగా కోరుతున్నాను. ఆనాడు మీ ఇంట పాత్ర పట్టుకొని నడిచినది ఎవరో, ఆ పాత్ర దించి పలక పట్టుకొన్నది ఎవరో ఎక్కడో ఒకచోట వ్రాసి ఉండాలి.