ఫ్రైయర్న్ ఆసుపత్రి

ఫ్రైయర్న్ ఆసుపత్రి ఉత్తర లండన్‌లోని ఫ్రైయర్న్ బార్నెట్ ప్రాంతంలో 1851 నుండి 1993 వరకు పనిచేసిన మానసిక చికిత్సాలయము. దీని మొదటి పేరు కోల్నీ హాచ్ ఉన్మాదుల ఆశ్రయము. దీనికి సమీపంలోని రైల్వే స్టేషను నేడు న్యూ సౌత్‌గేట్ అను పేరుతో ఉన్నది.

నిర్మాణము

మిడిల్‌సెక్స్ కౌంటీకి హాన్‌వెల్‌లో 1831 నుండి ఒక ఆశ్రయము ఉండేది. పేదవర్గాల రోగులకు అది చాలకపోవుటచే రెండవది అవసరమైనది. 1849లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ శంకుస్థాపన చేశాడు. శామ్యూల్ డాక్స్ అను వాస్తుశిల్పి దీనిని ఇటలీ శైలిలో రూపొందించాడు. సుమారు 1,250 మంది కొరకు కట్టిన ఈ భవనము 1851 జూలైలో ప్రారంభమైనది. లోపలి ప్రధాన నడవ పొడవు అర కిలోమీటరుకు పైమాటే. బయటినుండి రాజప్రాసాదమువలె కనిపించినా లోపల త్వరలోనే రోగులు కిక్కిరిసిపోయారు. 1889లో దీని నిర్వహణ లండన్ కౌంటీ కౌన్సిల్‌కు సంక్రమించినది.

అగ్నిప్రమాదము

స్థలాభావము వలన ఆవరణలో తాత్కాలికముగా కొయ్యతో వార్డులు కట్టారు. 1903 జనవరి 27 తెల్లవారుజామున వాటికి నిప్పంటుకొని 50 మందికి పైగా స్త్రీలు మరణించారు. వీరిలో పలువురు యూదులు. తాత్కాలికమని కట్టినవి ఏళ్ళ తరబడి వాడుకలో ఉండిపోవుటయే ఇంత ప్రాణనష్టానికి ముఖ్య కారణమని చెప్పవచ్చును.

స్టేషను, పేర్ల మార్పు

గ్రేట్ నార్తర్న్ రైల్వే వారు ఆశ్రయము తెరవడానికి ఏడాది ముందే, 1850 ఆగస్టు 7న, 'కోల్నీ హాచ్ అండ్ సౌత్‌గేట్' స్టేషనును ప్రారంభించారు. అయితే కొద్దికాలానికే ఆంగ్లేయుల వాడుకలో 'కోల్నీ హాచ్' అనగా పిచ్చాసుపత్రి అను అర్థము స్థిరపడినది. మన హైదరాబాదువారు 'ఎర్రగడ్డ' అను మాటను ఎగతాళికి వాడినట్లే ఇదీను. చుట్టుపక్కల నివసించువారికి ఊరి పేరు చెప్పుకొనుట ఇబ్బందియైనది. స్టేషను పేరు 1855లో 'న్యూ సౌత్‌గేట్ అండ్ కోల్నీ హాచ్'గా, 1876లో 'న్యూ సౌత్‌గేట్'గా మారినది. 1883లో కోల్నీ హాచ్ మరల చేరి, 1923లో తొలగి, దాని స్థానంలో ఫ్రైయర్న్ బార్నెట్ వచ్చినది. 1971 నుండి 'న్యూ సౌత్‌గేట్' మాత్రమే మిగిలినది. ఆసుపత్రి కూడా 1937లో ఫ్రైయర్న్ మానసిక ఆసుపత్రి అయినది. 1959లో 'మానసిక' అను మాట కూడా పోయినది. బోర్డు మార్చినంత సులభముగా లోపలి పరిస్థితులు మారలేదు.

చివరి దశ

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941లో, బాంబులు పడి రోగులు, నర్సులు మరణించారు. 1965లో ఇక్కడి ఒక వృద్ధురాలిని చూడబోయిన బార్బరా రాబ్, వృద్ధ రోగుల కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు కూడా తీసివేయుచున్నారని గమనించి, 1967లో 'సాన్స్ ఎవ్రీథింగ్' అను గ్రంథాన్ని వెలువరించింది. మరుసటి సంవత్సరం వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదికలు ఆమె ఆరోపణలను చాలావరకు త్రోసిపుచ్చినవి. అయినను వృద్ధుల సంరక్షణపై దేశవ్యాప్త చర్చ ఆగలేదు. రిచర్డ్ హంటర్, ఐడా మకాల్పైన్‌లు వ్రాసిన ఈ ఆసుపత్రి చరిత్ర 1974లో వెలువడినది.

రోగులను సమాజములోనే ఉంచి చికిత్స చేయవలెనను విధానము బలపడుటతో 1993లో ఆసుపత్రిని మూసివేశారు. అనంతరం ఆ భవనాన్ని 'ప్రిన్సెస్ పార్క్ మేనర్' అను పేరుతో ఖరీదైన నివాస గృహాలుగా మార్చారు. ఇక్కడ స్వయముగా చికిత్స పొందిన చరిత్రకారిణి బార్బరా టేలర్ తన అనుభవాలను 2014లో 'ది లాస్ట్ అసైలమ్' అను పుస్తకంగా ప్రచురించింది. మూతపడిన ఆసుపత్రి కొందరికి ఆశ్రయముగా కూడా ఉపకరించినదని ఆమె అభిప్రాయము.