కాళింది వేషము కట్టిన బాలిక

రంగస్థలమున బాలపాత్రధారికి స్వాతంత్ర్యము తక్కువ. నిలువుమన్నచోట నిలువవలెను, ఏడువుమన్నప్పుడు ఏడువవలెను. బడిపిల్లలచే పెక్కేండ్లు నాటకము లాడించినవాడను గనుక ఈ మాట ఎఱిగియే చెప్పుచున్నాను. అట్లు పరుల యాజ్ఞకు లోబడి వేషము కట్టిన యొక తెలుగు బాలిక, పెరిగి పెద్దదై, తానే ఆజ్ఞ యిచ్చు దర్శకురాలయ్యెను. ఆమె పాలువాయి భానుమతి.

ఒంగోలు ప్రాంతమందలి దొడ్డవరము ఆమె జన్మస్థలము. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. కూతునకు తామే సంగీతము నేర్పిరి. 1939లో వెలువడిన 'వరవిక్రయము' చిత్రమున చిత్తజల్లు పుల్లయ్యగారు ఆమెకు కాళింది పాత్ర నిచ్చిరి. అప్పటికామెకు పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయము. కాళ్లకూరి నారాయణరావుగారి ఆ నాటకమును మీలో పెక్కుమంది ఎఱుగుదురు. వరకట్నమునకై తండ్రి చితికిపోవుట చూడలేక ప్రాణము విడిచిన బిడ్డ కాళింది.

ఆ దినములలో గౌరవము గల కుటుంబములు ఆడుబిడ్డను చిత్రములకు పంప జంకుచుండెడివి. వెంకటసుబ్బయ్యగారు అనుమతించిరి గాని, నాయకుడు తన కూతును కౌగిలించు దృశ్యము లుండరాదని కట్టడి చేసిరి. ఆ తండ్రి వెఱపును మనము నిందింపరాదు. లోకుల నోటికి వెఱవని తండ్రి ఎవడు? అయినను ఆ వెఱపు బిడ్డ విద్యకు అడ్డు రాలేదు.

1943లో ఆమె పాలువాయి రామకృష్ణారావుగారిని వివాహమాడెను. ఆయన దర్శకులు. దంపతులు భరణీ సంస్థను స్థాపించి చిత్రములు నిర్మించిరి. 1953లో 'చండీరాణి'కి దర్శకత్వ భారమును భానుమతియే వహించెను. ఆ చిత్రము తెలుగు, అరవము, హిందీ భాషలు మూడింట తీయబడినది. ఒక్క ఘట్టమును ఒక భాషలో ముగించి, మరల రెండవ భాషలో, మరల మూడవ భాషలో నడిపింపవలెను. అందు ద్విపాత్రాభినయము కూడ ఆమెదే. స్త్రీ దర్శకత్వము వహించుట మిక్కిలి అరుదైన కాలమది.

ఇంకొక విశేషము గలదు. పుల్లయ్యగారు 1936లో బాలబాలికలనే నటులనుగా చేసి 'సతీ అనసూయ', 'ధ్రువవిజయము' చిత్రములు తీసిరి. 1982లో భానుమతి తానును పిల్లలచేతనే 'భక్త ధ్రువ మార్కండేయ' నడిపించెను. తొలిగురువు త్రొక్కిన త్రోవనే శిష్యురాలు త్రొక్కినది. 2005లో ఆమె దివంగత యయ్యెను.

పెద్దలారా, వేషము కట్టిన బిడ్డ మనము చెప్పినది చేయుటయే గాక, మనము చేయునది చూచుచుండును. మీ యూరి బడిలో నాటకమాడు ఆడుపిల్లను "ఇక చాలు" నని దింపునపుడు ఈ కాళిందిని ఒకమారు స్మరింపుడు.