రొట్టె పోయిన దారి, వచ్చిన దారి

జొన్న రొట్టె నేర్చుకోవాలని మా ఇంటికి వచ్చేవాళ్ళను ముందుగా పొయ్యి దగ్గరికి రానివ్వను. సంచి చేతికిచ్చి మార్కెట్‌కు తీసుకుపోతాను. వచ్చేది ఎక్కువగా కోకాపేట, పుప్పాలగూడ టవర్లలో ఉండేవాళ్ళు. విశాఖపట్నం అమ్మాయిలు ఉంటారు, కాన్పూర్ కోడళ్ళు ఉంటారు, ఆఫీసు పని మీద వచ్చి కొన్నాళ్ళుండి పోయే విదేశీయులూ అప్పుడప్పుడు వస్తారు. సంచి అందుకున్నారో లేదో ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంత మంచి తిండిని మీవాళ్ళు ఎందుకు వదిలేశారు ఆంటీ?" మంచిచెడ్డలు తెలియక అన్నం వెంట పడ్డామని, చదువుకున్నవాళ్ళు వచ్చి మా తిండిని మాకు గుర్తు చేస్తున్నారని వాళ్ళ లెక్క. ఆ లెక్క నేను ఒప్పుకోను. రొట్టెను వదిలించుకోవడానికి మా ఆడవాళ్ళకు గట్టి కారణాలే ఉన్నాయి. వాటిని పొయ్యి దగ్గర కూచోబెట్టి చెబితే తలకెక్కవు, నడుస్తూ చెప్పాలి.

మా నార్సింగి మూసీకి దగ్గర, గండిపేటకూ దగ్గరే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్నాన్ని ముంచేసిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నిజాం ప్రభుత్వం కట్టించిన రెండు జలాశయాల్లో మొదటిది ఉస్మాన్‌సాగర్, అదే ఈ గండిపేట. 1920 నాటికి పూర్తయింది. వరదను ఆపడం ఒక పని, పట్నానికి తాగునీళ్ళివ్వడం ఇంకో పని. ఆ నీళ్ళను ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు మోసుకుపోయే కాలువ మా ఊళ్ళ మీదుగానే పోతుంది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని పట్నంవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ నీళ్ళు పక్కనుంచి పోతుంటే మా చెల్కలు మాత్రం మొగులు వైపు చూస్తూ ఉండేవి. చెరువు కింద ఉన్న కొద్ది మళ్ళల్లో వరి, మిగతా చోట జొన్న. జొన్న సాళ్ళ మధ్య కంది, పెసర, అనుములు, అంచుల్లో ఆముదం. అన్నం వండేది పండుగకు, చుట్టం వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గి పథ్యం పెట్టాల్సి వచ్చినప్పుడు.

అన్నం ఎక్కువ, జొన్న తక్కువ అనే ఈ తేడా నిన్నమొన్న పుట్టింది కాదు. ఓరుగల్లు వీధుల ముచ్చట్లు చెప్పే క్రీడాభిరామంలో, పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు దొరికే భోజనం మీద పద్యం ఉంది. మేలురకం వరి అన్నం, గోధుమ పిండివంట, పంచదార, పెసరపప్పు అన్నీ ఉన్నాయి, జొన్న లేదు. శ్రీనాథుడి పేర చెప్పుకునే పల్నాటి చాటువుల్లో జొన్నకూడు ఉంది గానీ వెక్కిరించడానికి. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ ఇలాంటివన్నీ కావ్యాల్లోంచి ఏరి ఒక్కచోట పెట్టారు కాబట్టి నాలాంటిదానికి తెలిశాయి. విసుర్రాయి తిప్పిన ఆడవాళ్ళు రాసిపెట్టింది మాత్రం, ఎంత పెద్దాయన వెతికినా ఆయనకు దొరికేది కాదు.

మార్కెట్ యార్డు దగ్గరికి రాగానే అందరినీ కాసేపు ఆపుతాను. నార్సింగి అనగానే చుట్టుపక్కల పాత రైతులకు గుర్తొచ్చేది పశువుల సంత. వంట క్లాసుకూ ఎడ్లకూ ఏం సంబంధమని కొందరు ఫోన్లు తీస్తారు. జొన్న కథలో సగం ఇక్కడే ఉంది. నాటు జొన్న మనిషిని మించి పెరిగేది. గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు, కొయ్యకాళ్ళు పొయ్యిలోకి. గింజ ధర పడిపోయినా చొప్ప కోసమైనా జొన్న వేసేవాళ్ళు. 1964లో సీఎస్‌హెచ్-1 అని దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న విడుదలైంది. పొట్టి మొక్క, గింజ బాగా ఎక్కువ, చొప్ప తక్కువ. ఇలాంటి పొట్టికాలపు రకాలు వానలు పూర్తిగా వెళ్ళకముందే కోతకొచ్చి, గింజ తడిసి బూజు పట్టేది. బస్తాలు పెరిగినా రొట్టె నల్లబడింది. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు తగ్గాయి, చొప్పతో అక్కర తగ్గింది. ఎద్దు లేని ఇంట్లో జొన్న వేయడానికి ఉన్న రెండో కారణం కూడా పోయింది. ఇప్పుడు సంతలో చూస్తే బర్లు, మేకలు, గొర్రెలే ఎక్కువ, ఎడ్ల జతలు అక్కడక్కడ.

పొలం కథ ఇది. వంటింటి కథ వేరే ఉంది, నాకు అదే ముఖ్యం.

మా అత్తమ్మ చెప్పేది. కోడి కూయకముందే ఇద్దరు తోడికోడళ్ళు ఎదురెదురుగా కూచుని విసుర్రాయి తిప్పితేగానీ ఆ పూటకు పిండి అయ్యేది కాదట. జొన్నపిండి పాతబడితే రొట్టె అంచులు పగులుతాయి, కాబట్టి ఒక్కసారే విసిరి డబ్బాలకెత్తుకునే వీలు లేదు. గట్కకైతే రోట్లో దంచి రవ్వ తీయాలి, అంబలికి ముందురోజే పిండి కలిపి పులియబెట్టాలి. గిర్ని వచ్చాక విసురుడు తప్పింది, రొట్టె కొట్టుడు తప్పలేదు. గోధుమపిండికి జిగురుంటుంది, తడిపి మూతపెట్టి వేరే పని చూసుకోవచ్చు. జొన్నకు ఆ జిగురు లేదు. మసిలే నీళ్ళు పోస్తే పిండిలోని గంజి కొంచెం ఉడికి పట్టు వస్తుంది. ఆ వేడి మీదే అరచేత్తో గట్టిగా నలిపి, ముద్దను పొడిపిండి మీద తిప్పుతూ కొట్టాలి. పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్ళు రాసి, ఆ తడి ఆరీఆరకముందే తిప్పాలి. అన్నీ ఒకేసారి చేసి పెట్టుకోవడం కుదరదు, ఒక్కోదానికీ మనిషి అక్కడే ఉండాలి. పదిమంది ఉన్న ఇంట్లో మనిషికి రెండేసి అంటే పూటకు ఇరవై. పత్తికట్టె పొగ కళ్ళల్లోకి, సెగ మొహానికి. అన్నమైతే ఎసరు పెట్టి చంటిదానికి పాలివ్వచ్చు, పేడ ఎత్తచ్చు, ఒక్క నిమిషం నడుం వాల్చచ్చు.

ఆరోగ్యం సంగతీ చెప్పాలి. తార్నాకలో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. ఇక్కడ జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు అక్కడి డాక్టర్ల కంట పడింది. ఎండ తగిలే చోట, చేతుల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేస్తాయి. అంతకుముందు దాన్ని మొక్కజొన్న తినే దేశాల జబ్బు అనుకునేవాళ్ళు. సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీని మీద రాశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువని, దానివల్ల శరీరానికి నియాసిన్ సరిగా అందదని వాళ్ళ వాదన. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. మా భాషలో చెప్పాలంటే, పప్పూ పాలూ తోడుంటే జొన్న మంచి తిండి. రొట్టె, ఎల్లిగడ్డ కారం తప్ప ఇంకేమీ లేనివాళ్ళకు అదే రోగం తెచ్చింది. 'సూపర్ ఫుడ్' అనే మాట వినబడ్డ ప్రతిసారీ ఈ సంగతి చెబుతాను, కొంతమంది మొహం చిన్నబుచ్చుకుంటారు.

అలాంటి ఇళ్ళల్లోకి 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పంపింది. రైతు జొన్న ఎందుకు మానేశాడని పెద్ద పెద్ద లెక్కలు వేస్తారు గానీ, పొద్దుగూకి చెల్క నుంచి వచ్చిన ఆడమనిషికి ఆ బియ్యం అంటే ఏమిటో ఆ లెక్కల్లో కనబడదు. పండుగనాడు తినే అన్నం రోజూ తినొచ్చు, అదీ కూలి డబ్బుల్లో కొంతతోనే. పిల్లలు బడిలో అన్నం గిన్నె విప్పుకోవచ్చు, ఎవరూ నవ్వరు. కొన్నేళ్ళల్లో రాత్రిపూట రొట్టె కూడా పోయింది. ముసలివాళ్ళు మాత్రం అన్నం తింటే కడుపు నిండినట్టు ఉండదని గొణిగేవాళ్ళు. వాళ్ళ కోసం ఒకటో రెండో కొట్టేవాళ్ళం. 2015లో మనిషికి 6 కిలోల చొప్పున కిలో రూపాయికే ఇచ్చారు. 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో సన్నబియ్యమే ఇస్తున్నారు. ఒకప్పుడు పూటకూళ్ళ ఇంట్లో రూక పెట్టి తిన్న సన్నన్నం ఇప్పుడు కార్డుకు ఊరికే వస్తోంది. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

భూమి సంగతి అందరికీ తెలిసిందే. 1998లో సైబర్ టవర్స్, 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్క, 2023 ఆగస్టు వేలంలో కోకాపేట ఎకరం 100 కోట్లు దాటడం. ఆ ధర విన్నాక జొన్న పంట గురించి మాట్లాడేవాడు ఎవడు?

రొట్టె తిరిగొచ్చింది మాత్రం ఆ రోడ్డు మీదుగానే. షుగరు పరీక్షలు చేయించుకుని, రాత్రిపూట అన్నం మానమని డాక్టరు చెప్పిన ఉద్యోగులు ముందు అడిగారు. సాయంత్రమైతే ఫుట్‌పాత్ పక్కన గ్యాస్ పొయ్యి, పెంక, పిండి డబ్బా పెట్టుకుని ఆడవాళ్ళు రొట్టెలు కొడుతూ కనబడతారు. ఎక్కువమంది నారాయణపేట, కల్బుర్గి వైపు నుంచి వచ్చినవాళ్ళు. మగవాళ్ళు టవర్ల పనికి పోతే వీళ్ళు టవర్లలో ఉండేవాళ్ళకు రొట్టె పెడతారు. రాజేంద్రనగర్‌లో జొన్న పరిశోధనతో మొదలై ఇప్పుడు అన్ని చిరుధాన్యాల పని చూసే జాతీయ సంస్థ ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు 1980ల నుంచీ పాత విత్తనాలు కాపాడుకుంటూ వచ్చారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. వీటిల్లో పస్తాపూర్ ఆడవాళ్ళకు నేను దండం పెడతాను, ఎందుకంటే వాళ్ళు ఎవరూ అడగని రోజుల్లో జొన్న విత్తారు. మిగతా సంబరంలో ఒక్క మాట వినబడదు: రొట్టె కొట్టే చేతులు ఇంటి కోడలివి కావు, కూలికి వచ్చినవాళ్ళవి. 20 రూపాయలో 25 రూపాయలో పెట్టి కొనుక్కునే రొట్టెకు పొగ అంటదు మరి.

ఇంతా విన్నాక కిరాణా కొట్టుకు పోతాం. జొన్నలు దోసిట్లో పోసి చూపిస్తాను. పచ్చ జొన్న గట్కకు, అంబలికి బాగుంటుంది, రొట్టెకు యాసంగి తెల్ల జొన్న. కొట్టులో 'మాల్దండి' అంటూ ఇచ్చేది మహారాష్ట్ర మొహోల్‌లో ఎంపిక చేసిన రకం, షోలాపూర్ వైపు పంట. నార్సింగిలో రొట్టె నేర్చుకోవడానికి షోలాపూర్ గింజ కొనాలి, ఏం చేస్తాం! గింజ పంటి కింద పెడితే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. గింజ పైన నల్లమచ్చలు ఉంటే బూజు తగిలి ఉండొచ్చు. దోసిలి వాసన చూస్తే పాతదేదో కొత్తదేదో తెలుస్తుంది. పప్పుకు తాండూరు కంది తీసుకుంటాం. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక సంచుల మీద తాండూరు పేరు పెరిగింది, లోపల ఉన్నదంతా తాండూరుదేనా అంటే కొట్టు యజమాని నవ్వుతాడు.

కూరగాయల దగ్గర చేవెళ్ళ వైపు నుంచి వచ్చే ఒకామె ఉంది. పుంటికూర, గంగవాయిలి, కాలం వస్తే చింతచిగురు తెస్తుంది. ఒక అమ్మాయి ఆమెను అడిగింది, "ఇది ఆర్గానికేనా అక్కా?" అని. "మా చెల్కదే బిడ్డా. దానికి మీరు ఏం పేరు వెట్టుకుంటరో నాకు తెల్వది. పదికి రెండు కట్టలు, తీస్కుంటవా?" అంది ఆమె. అమ్మాయి నాలుగు కట్టలు తీసుకుంది.

ఇంటికొచ్చాక మాత్రం మాటలు తక్కువ. పుస్తకం చూసి వంట నేర్చుకోవడాన్ని నేను చులకన చేయను. మాలతీ చందూర్ 'వంటలు పిండివంటలు' దగ్గర పెట్టుకునే నేనూ ఎన్నో నేర్చుకున్నాను. కానీ నీళ్ళు ఎంత మసలాలో, ముద్ద ఎప్పుడు పట్టు వస్తుందో చేతికి తగిలితేనే తెలుస్తుంది. అందుకే ఎవరి ముద్ద వాళ్ళే నలపాలి. ముందు ఒక్క గుప్పెడు జొన్నలు విసుర్రాయిలో పోసి తిప్పమంటాను. జిమ్‌కు పోయే అబ్బాయిలు కూడా కాసేపటికే చేతులు మార్చుకుంటారు. ఆ గుప్పెడు పిండితో ఒక్క రొట్టె కూడా కాదు. అప్పుడు ఇందాకటి ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగరు, గిర్ని ఎక్కడుందని అడుగుతారు.

గిర్ని సందు చివర్లోనే ఉంది. ఇంట్లో ఎవరికైనా గోధుమ పడదంటే గిర్ని అతనికి ముందే చెప్పాలి, లేకపోతే రాయిలో మిగిలిన గోధుమే మొదటి దోసెడు పిండితో కలిసి వస్తుంది. ఆ కాసింత పక్కకు తీయించినా గోధుమ పూర్తిగా పోయిందని చెప్పలేం. వేడి తగ్గాక సంచి మూతి కట్టుకోవాలి. రెండు కిలోల కంటే ఎక్కువ పట్టించొద్దు.