కాలు పడిపోయింది దేవత కోపం వల్ల కాదు



మన గూడేల్లో ఒక కాలు సన్నబడి, ఈడ్చుకుంటూ నడిచే పెద్దోళ్లు ఉన్నారు. అడిగితే కొందరు "చిన్నప్పుడు జ్వరమొస్తే సూదేయించారు, తర్వాత కాలు పడిపోయింది" అంటారు. ఇంకొందరు దేవత కోపం అంటారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మనం ఈ మాట వెనకున్న చరిత్ర తెలుసుకోవాలి.

1949లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పోలియో వ్యాపించింది. అంతకు కొద్ది రోజుల ముందు సూది వేయించుకున్న పిల్లల్లో, సూది పడిన చేతికో కాలికో పక్షవాతం ఎక్కువగా రావడం మెక్‌క్లాస్కీ అనే డాక్టర్ గమనించాడు. 1950లో ఇంగ్లాండ్‌లో బ్రాడ్‌ఫోర్డ్ హిల్, నోల్డెన్ లెక్కలు తీసి చూస్తే అదే తేలింది. సూది గుచ్చిన కండరం దెబ్బతింటే, ఒంట్లో అప్పటికే ఉన్న పోలియో వైరస్ ఆ నరం వెంట వెన్నుపాముకు తొందరగా చేరుతుందని 1998లో ఎలుకల మీద ప్రయోగాల్లో తెలిసింది.

మన దేశంలో జ్వరానికి అవసరం లేని సూదులు వేయడం వల్ల పిల్లలకు పోలియో పక్షవాతం వస్తోందని వైయట్ అనే పరిశోధకుడు 1992లో ఇక్కడి డాక్టర్లతో కలిసి రాశాడు. అంటే ఆ తల్లిదండ్రుల మాట వట్టి అనుమానం కాదు.

2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రకటించారు. కానీ ఇంకో ప్రమాదం పోలేదు. పిర్రలో తప్పు చోట సూది గుచ్చితే కాలికి పోయే పెద్ద నరం, అదే సయాటిక్ నరం, దెబ్బతింటుంది. వెంటనే కాలంతా మంట, తిమ్మిరి వస్తాయి, పాదం పైకి లేవదు. బక్కపిల్లల్లో కండ తక్కువ కాబట్టి ముప్పు ఎక్కువ.

మనం చేయగలిగింది ఉంది. జ్వరానికి "సూదేస్తేనే తగ్గుద్ది" అనే మాట మానాలి. మాత్రతో తగ్గుతుందా అని డాక్టర్‌ని అడగాలి. పసిపిల్లలకు సూది తప్పనిసరైతే తొడ ముందు-బయటి వైపు వేయమనాలి, పిర్రకు వద్దు. టీకాలు మాత్రం ఆపొద్దు. ఏఎన్ఎం అక్కలు పెంటావాలెంట్ టీకా వేసేది తొడకే. 15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో వాలిపోతే, కారణం ఏదైనా సరే, వెంటనే ఆశా అక్కకు చెప్పి సర్కారు దవాఖానాకు తీసుకెళ్లాలి. ఫిజియోథెరపీ ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇది మన భాషలో అమ్మలకు చెబుదాం.